దుఃఖములో ఉన్నవాని పాట



క్రొత్త పాటల ఆల్బమ్ వచ్చిందంటే మన సంఘములలోని యౌవనస్థులు దానిమీద తీర్పు చెప్పడానికి ఒక్క పూట చాలు. ఆదివారము ఆరాధన ముగిసి చెప్పులు తొడుక్కొనేలోపే అది తేలిపోతుంది. ఒకరు రాగము బాగుందంటారు, మరొకరు ఇదివరకు పాడినట్టు లేదంటారు. నాకూ క్రొత్త పాటలంటే ఆసక్తే. అయితే ఈ నెల నేను వ్రాయబోయేది దూరదేశపు పాటగాడొకాయన చేసిన రెండు ఆల్బములను గురించి. వాటిని మొదటిసారి విన్నప్పుడు నా మనస్సు పాటలమీదినుండి మన ఊళ్ళలో మరణము జరిగిన ఇళ్ళమీదికి పోయింది.

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రములో, సుపీరియర్ సరస్సు ఒడ్డున, దులూత్ అనే పట్టణమున్నది. అక్కడ 1993లో ఒక సంగీత బృందము మొదలైంది. దాని పేరు ‘లో’. ఆంగ్లములో ఆ మాటకు తగ్గు అని అర్థము. పేరుకు తగినట్టే వారు హోరు లేకుండా, మెల్లగా, మాటకు మాటకు మధ్య ఊపిరి తీసుకొనేంత ఎడమిచ్చి పాడేవారు. ఇలాంటివాటిని ‘ఇండీ’ బృందములంటారు. పెద్ద కంపెనీల ఒత్తిడికి లోబడక, చిన్న సంస్థల ద్వారా తమకు తోచిన రీతిలో పాటలు చేసుకొనేవారన్నమాట.

ఆ బృందమునకు ప్రాణము ఇద్దరు: ఆలన్ స్పార్‌హాక్, ఆయన భార్య మిమీ పార్కర్. చిన్నప్పుడు ఒకే బడిలో చదువుకొన్నవారు. ఆయన గిటారు వాయించేవాడు. ఆమె నిలబడి కొద్దిపాటి డ్రమ్ములను మృదువుగా వాయిస్తూ పాడేది. ఒకే కాడి క్రింద ఏళ్ళ తరబడి నడిచిన జోడెడ్లవలె వారి గొంతులు అడుగు తప్పకుండా కలిసి సాగేవి. వారు మోర్మను సమాజమునకు చెందినవారు. వారి సిద్ధాంతము మనది కాదు, ఆ భేదము చిన్నదని నేను చెప్పను. అయితే వారు 1999లో విడుదల చేసిన క్రిస్మస్ పాటలను నేను డిప్లొమా చదివే రోజుల్లో హాస్టలులో ఒక స్నేహితుని దగ్గర విన్నాను. అప్పటినుండి వారి క్రొత్త ఆల్బమ్ ఎప్పుడు వచ్చినా వింటూనే ఉన్నాను.

2018లోను, 2021లోను వచ్చిన ఆల్బములలో వారు యంత్రముల గరగర శబ్దమును పాటలోనికి తెచ్చారు. గాలివానలో దీపమువలె ఆ ఇద్దరి గొంతులు ఆ శబ్దముమీద నిలిచి వినబడేవి. తరువాత 2022 నవంబరు 5న మిమీ అండాశయ క్యాన్సరుతో చనిపోయింది. ఆమెకు 55 సంవత్సరములు. ఇద్దరు పిల్లల తల్లి. ఆమెతోనే ఆ బృందము కూడ ముగిసింది.

2024 సెప్టెంబరులో ఆలన్ తన పేరుతో ఒక ఆల్బమ్ విడుదల చేశాడు. ‘వైట్ రోజెస్, మై గాడ్’ అని దాని పేరు. తెల్ల గులాబీలు, నా దేవా అని అర్థము. పేరు చూచి, భార్యను తలచుకొని మెల్లగా పాడిన పాటలుంటాయని అనుకొన్నాను. ఫోనులో పెట్టగానే ఉలిక్కిపడ్డాను. గిటారు దాదాపు లేదు. యంత్రపు డ్రమ్ముల చప్పుడు. అన్నిటికంటె వింత ఆయన గొంతు. యంత్రము గుండా పోయి, సన్నగా, చిన్నపిల్లవాడిదో మరబొమ్మదో అన్నట్టు మారిపోయింది. ముప్పది సంవత్సరములు జనము ఎరిగిన ఆ గొంతు ఎక్కడా లేదు. మూడవ పాట దగ్గర ఆపి, కొంతసేపు ఊరకే కూర్చున్నాను.

అప్పుడు మా సంఘపు పెద్ద ఒకాయన నాకు జ్ఞాపకము వచ్చాడు. ఆయన పాట ఎత్తుకొంటే మందిరమంతా అందుకొనేది. భార్య చనిపోయిన తరువాత ఆయన ఆరాధన మానలేదు. వచ్చి తన చోటనే కూర్చొనేవాడు. పాట సమయములో పెదవులు కదిలేవి, శబ్దము రాదు. ఏడాది పాటు అంతే. విశ్వాసము సన్నగిల్లిందని కొందరన్నారు. ఆయన గొంతుతో కలిసి పాడిన గొంతు ఇక లేదు. పాత గొంతు ఎత్తితే ప్రక్కనున్న ఖాళీయే ఆయనకు ముందు వినబడుతుంది. ఆలన్ తన గొంతును యంత్రములో దాచుకొన్నాడు, ఈయన మౌనములో దాచుకొన్నాడు. ఇది నాకు తోచిన మాట, ఆ పాటగాడు చెప్పినది కాదు.

2025 మే నెలలో ఆలన్ మరొక ఆల్బమ్ తెచ్చాడు. దులూత్‌లోనే ‘ట్రాంపుల్డ్ బై టర్టల్స్’ అనే మరొక బృందమున్నది. బాంజో, ఫిడేలు, మాండొలిన్ వాయించే జానపద సంగీతపు మనుష్యులు, ఆయనకు పాత స్నేహితులు. మిమీ పోయిన తరువాత వారు ఆయనను తమ కచేరీల ప్రయాణములకు వెంటబెట్టుకొని పోయారు. తరువాత అందరూ కలిసి ఈ ఆల్బమ్ చేశారు. ఇందులో ఆయన సొంత గొంతు తిరిగి వినబడుతుంది. ఒక పాటలో ఆయన కుమార్తె కూడ గొంతు కలిపింది.

నన్ను కదిలించిన సంగతి ఇది. యంత్రపు గొంతుతో పాడిన పాటలలో రెండు ఈ ఆల్బములోను ఉన్నవి. వాటిలో ఒకదాని పేరు పరలోకము. మొదటి ఆల్బములో అది ఒంటరివాడు గదిలో గొణుక్కొన్నట్టున్నది. రెండవదానిలో అదే పాట చుట్టూ స్నేహితులు నిలబడి పాడినట్టున్నది. పాట మారలేదు, పాడేవాడు మారలేదు, ప్రక్కన మనుష్యులు చేరారు. అయినా మొదటి ఆల్బమ్ విన్నప్పుడు కలిగిన ఇబ్బంది నాకు పోలేదు. అది పోనక్కరలేదు. దుఃఖము వినేవారికి ఇబ్బందిగానే ఉంటుంది.

కీర్తనల గ్రంథములో 88వ కీర్తన తెరిచి చూడండి. తక్కిన విలాప కీర్తనలు చాలావరకు చివరకు స్తుతివైపు తిరుగుతాయి. ఇది తిరగదు, చీకటిలోనే ముగుస్తుంది. దాని పైనున్న మాటలను మనము చదవకుండా దాటిపోతాము. ఎజ్రాహీయుడైన హేమాను రచన, కోరహు కుమారుల కీర్తన, ప్రధానగాయకునికి అప్పగింపబడినది అని అక్కడున్నది. ఒక్కని చీకటి పాటను దేవుని ప్రజలు పారవేయలేదు, తప్పు దిద్దలేదు, చివర ఒక స్తుతి చరణము అతికించలేదు. గాయకుల చేతికిచ్చారు. అతని దుఃఖమును నలుగురూ కలిసి మోశారు.

యోబు స్నేహితులను మనము తప్పుపడుతాము గాని, మొదటి ఏడు దినములు వారు చేసినది మంచి పనియే. మాటలాడక నేలమీద అతనితో కూర్చున్నారు. నోరు తెరిచిన తరువాతనే చిక్కు వచ్చింది.

మన ఊళ్ళలో ఆదరణ కూటము ఘనముగా జరుపుతాము. షామియానా వేస్తాము, వాక్యము చెప్తాము, భోజనములు పెడతాము. షామియానా విప్పిన మరునాటినుండి ఆ గుమ్మము త్రొక్కేవారు ఉండరు. నెల తిరిగేసరికి, ఇంకా ఏడుస్తున్నావా, సాక్ష్యము చెప్పు అంటాము. లాజరును లేపబోతున్నానని ఎరిగిన ప్రభువే సమాధి దగ్గర కన్నీళ్ళు విడిచాడు గదా! పునరుత్థాన నిరీక్షణ ఉన్న ఇంటిలో ఏడ్పు ఉండకూడదని ఆయన నేర్పలేదు.

మా పెద్దాయన దగ్గరకు ఆయన వయస్సువారే ఇద్దరు సాయంత్రములు వెళ్ళి కూర్చొనేవారు. వర్షము సంగతి, పత్తి ధర సంగతి మాటలాడుకొనేవారు. పాడమని ఒక్కనాడూ అడుగలేదు. ఇప్పుడాయన పాడుతున్నాడు. గొంతు మునుపటిది కాదు, కొంచెము వణుకుతుంది. సంఘము ఆ వణుకునకు తగినట్టు మెల్లగా అందుకొంటుంది.

మీ వీధిలో భార్యనో భర్తనో బిడ్డనో పోగొట్టుకొన్నవారు ఎవరున్నారో ఈ వారము ఆలోచించండి. వారి గొంతు వింతగా ఉంటే భయపడకండి. మౌనముగా ఉంటే తీర్పు తీర్చకండి. వెళ్ళి ప్రక్కన కూర్చోండి. ఆ పాటను వారు ఒంటరిగా పాడకుండునట్లు ప్రభువు మనకు ఓర్పుగల చెవులను దయచేయును గాక. ఆమేన్.