ఇంత చిన్న పేటలో ఇంత కథా!

మెల్‌బోర్న్‌లో ఫిట్జ్‌రాయ్ అనే పేట ఒకటుందని ఇన్నాళ్లూ నాకు ఎవరూ చెప్పలేదేమండీ? మనవాళ్లు టార్నీట్‌లోనో పాయింట్ కుక్‌లోనో ఇల్లు కొనుక్కుంటారు. చుట్టాలొస్తే ట్వెల్వ్ అపోసల్స్ శిలలూ, పెంగ్విన్లూ చూపించి విమానం ఎక్కించేస్తారు. సిటీ నడిబొడ్డున 11వ నంబరు ట్రామెక్కితే కాసేపట్లో వచ్చే ఈ పేట ఊసే ఎత్తరు! మొత్తం కలిపి ఒకటిన్నర చదరపు కిలోమీటర్లు కూడా లేదు. అందులో ఎన్ని కథలో!

ఇది వురుండ్జెరీ ఆదివాసుల నేల. తెల్లవాళ్లు 1835లో మెల్‌బోర్న్‌లో దిగారు, 1839కల్లా ఇక్కడ ప్లాట్లు వేసి అమ్మేశారు. అంటే ఆ నగరానికి ఇది తొలి శివారన్నమాట. 1858లో సొంత మున్సిపాలిటీ వచ్చింది. ఆ తర్వాత గోడకు గోడ ఆనించి కట్టిన ఇరుకిళ్లు, వాటి వెనక నల్లరాతి సందులు. ఇవాళ ఆ సందుల్లో రంగురంగుల గోడబొమ్మల ముందు జనం ఫొటోలు దిగుతున్నారు. అప్పట్లో మాత్రం అవి పాకీదొడ్ల బండి తిరిగే దారులు!

నాకు మతిపోయింది మాత్రం మిఠాయిల కథకి. 1880లో మాక్‌ఫర్సన్ రాబర్ట్‌సన్ అనే కుర్రాడు ఆర్గైల్ వీధిలోని తన ఇంటి స్నానాలగదిలో, మేకులు పోసుకునే డబ్బా ఒకటీ, రేకు గిన్నె ఒకటీ పెట్టుకుని పంచదార మిఠాయిలు చేశాడు. చుట్టుపక్కల కొట్లకు మోసుకెళ్లి అమ్మాడు. అది పెరిగి పెరిగి వీధులకు వీధులే ఫ్యాక్టరీ అయింది. గోడలన్నీ తెలుపు, పనివాళ్ల బట్టలూ తెలుపే. జనం దాన్ని ‘వైట్ సిటీ’ అన్నారు. ఆస్ట్రేలియా పిల్లలు ఇప్పటికీ కొరుక్కు తినే చాక్లెట్ కప్ప ఫ్రెడ్డో 1930లో పుట్టింది ఇక్కడే. ఆ మిఠాయి డబ్బుతో ఆయన దక్షిణ ధ్రువ ప్రాంత యాత్రకు సాయం చేస్తే, అంటార్కిటికాలో ఒక భూభాగానికే ఆయన పేరు పెట్టారు. స్నానాలగది ఎక్కడ, అంటార్కిటికా ఎక్కడ! 1967లో కంపెనీని క్యాడ్‌బరీ కొనేసింది.

గెర్ట్రూడ్ వీధి దగ్గరికొచ్చేసరికి నా హుషారు కొంచెం తగ్గి, గౌరవం పెరిగింది. ఊరూ పొలిమేరా పోగొట్టుకున్న ఆదివాసులు ఒకరినొకరు వెతుక్కుంటూ చేరిన చోటు ఇది. పిల్లప్పుడే ప్రభుత్వం తల్లిదండ్రుల నుంచి లాక్కుపోయిన గాయకుడు ఆర్చీ రోచ్, పెద్దయ్యాక తనవాళ్ల కోసం వచ్చింది ఫిట్జ్‌రాయ్‌కే. 1990లో వచ్చిన ఆయన తొలి ఆల్బమ్ ‘చార్‌కోల్ లేన్’ పేరు ఇక్కడి ఒక సందుదే. 1973లో ఆదివాసులు తమ ఆస్పత్రిని తామే నడుపుకోవడం మొదలుపెట్టింది ఈ వీధిలోనే. ఒంటి రంగు చూసి వేరే క్లబ్బులో దూరం పెట్టిన ఆదివాసి ఆటగాడు డగ్లస్ నికోల్స్‌ను ఫుట్‌బాల్ జట్టులోకి తీసుకున్నది ఫిట్జ్‌రాయ్. తర్వాత ఆయన పాస్టరయ్యాడు, ‘సర్’ అయ్యాడు, 1976లో సౌత్ ఆస్ట్రేలియాకు గవర్నరే అయ్యాడు!

ఇంత జరిగిన పేటను పెద్దలు చాలాకాలం మురికివాడ కింద జమకట్టారు. ఇళ్లు కూలగొట్టి, 1970 ప్రాంతంలో ఇరవై అంతస్తుల టవర్లు నాలుగు నిలబెట్టారు. అందులో పేదలకు ప్రభుత్వ ఫ్లాట్లు. పక్కవీధిలో మిగిలిన పాత ఇరుకిల్లు ఇప్పుడు మిలియన్ డాలర్లు దాటి పలుకుతోంది. చిత్రం కాదూ? నగరంలోని ఇలాంటి టవర్లు మొత్తం 44నీ 2051 నాటికి పడగొడతామని 2023లో ప్రభుత్వం ప్రకటించింది. ఈసారైనా అక్కడున్నవాళ్లను అడిగి చేస్తే బాగుండు.

అడక్కుండా చేస్తే ఏమవుతుందో ఇక్కడి ఈతకొలనే సాక్షి. 1994లో దాన్ని మూసేయబోతే పేటంతా రోడ్డెక్కి తెరిపించుకుంది. కొలను గోడ మీద నీళ్లు లోతు అని ఇటాలియన్‌లో పెద్దక్షరాల హెచ్చరిక. వలసొచ్చిన పిల్లలు మునిగిపోతున్నారని 1950ల్లో రాయించారు. రాసినాయన ఒక అక్షరం మింగేశాడు. అయినా దిద్దలేదు, పైగా వారసత్వ సంపద జాబితాలో ఎక్కించారు! హెలెన్ గార్నర్ 1977 నవల ‘మంకీ గ్రిప్’ చదివినవాళ్లకు ఈ కొలను ముందే పరిచయం.

కాఫీ బాగుంటుంది, అది వేరే చెప్పాలా. వారాంతమైతే రోజ్ వీధిలో కళాకారుల సంత చూడండి. అక్కణ్ణుంచి ఉత్తరానికి నడిస్తే పాత ఫుట్‌బాల్ మైదానం. 1883లో పుట్టి ఎనిమిది కప్పులు గెలిచిన ఫిట్జ్‌రాయ్ క్లబ్బు, డబ్బుల్లేక 1996లో పెద్ద లీగ్ నుంచి తప్పుకుని బ్రిస్బేన్ జట్టులో కలిసింది. అయితేనేం, ఆ పేరుతో అమెచ్యూర్ జట్టు ఇప్పటికీ ఇక్కడే ఆడుతోంది. ఆట నియమాలు నాకు ఒక్కటీ తెలియవు. అయినా గట్టు మీద నిలబడి, గొంతు పోయేదాకా ఫిట్జ్‌రాయ్ వైపే అరిచాను.