బండి వెనుక దీపము

బెంగుళూరు వీధులలో విద్యుద్దీపములు వెలిగినది 1905లో. శివనసముద్రపు జలపాతమునుండి వచ్చిన ఆ వెలుగును గూర్చి, ఈ నగరమున తరతరములుగా కాపురమున్న మన తెలుగు కుటుంబములవారు కూడ, తామే తెచ్చినట్లు, చూడవచ్చిన బంధువులకు చెప్పుకొనుట పరిపాటి. మేమును చెప్పుకొన్నవారమే. కాని మా బండి వెనుకనున్న రెండు చిన్న దీపములు ఎట్లు వెలుగుచున్నవో 1994 వరకు మేమెరుగము.

ఆ యేడు మా ప్రీమియర్ పద్మినికి బ్రేకుదీపముల జబ్బు పట్టుకొనెను. బరువు వేసికొని గతుకుల త్రోవను పోయినపుడెల్ల అవి ఆరిపోవుచుండెను. వానితోపాటు మలుపు చూపు దీపములును ఆరుచుండెను. అన్నియు ఒక్కసారి ఆరినచో తప్పు బల్బులది కాదు, వానికన్నిటికిని కరెంటు పంచు ఫ్యూజు కాలినదని ఇప్పుడు పసిబిడ్డకైనను చెప్పగలము. అప్పుడు తెలియక, ఎవరేమనిన అది విని, బల్బులు మార్పించుచు వచ్చితిమి. మూడవమారు ఫ్యూజు కాలగా ఒక మరమ్మతుశాలవారు దానిపై రాగితీగ చుట్టి, "ఇంక పోదు లెండి" అనిరి. నిజమే, అది పోలేదు.

ఆ వారముననే మా తల్లిగారితో తిరుపతికి బయలుదేరితిమి. కోలారు, ముళబాగిలు దాటి పలమనేరు చేరుసరికి, వెనుకసీటునుండి అమ్మ, "ఏదో కాలిన వాసన వస్తా ఉంది నాయనా" అనెను. ముందు పోవు లారీ పొగ యని సర్దిచెప్పితిమి. మొగిలిఘాటు దిగుచు ఒక మలుపున బ్రేకు నొక్కినంతనే, వెనుక వచ్చుచున్న లారీ పెద్ద చప్పుడుతో పక్కకు తిరిగి, మా బండికి జానెడు దూరమున నిలిచెను. డ్రైవరు దిగివచ్చి, "ఏమయ్యా, ఎనకాల లైటే లేదే, నువ్వు నిలబెట్టేది మాకెట్ల తెలిసేది?" అనెను. అమ్మ కూర్చున్నది ఆ వైపే. బదులు చెప్పుటకు మాకు నోరు రాలేదు.

ఊరు చేరిన మరునాడు, మోటారు విడిభాగముల అంగళ్లకు పేరుపడిన జె.సి. రోడ్డు పక్కసందులో ఒక ముసలి ఎలక్ట్రీషియనును చూచితిమి. కన్నడము కలసిన తెలుగు ఆయనది. మా ఇంటి తెలుగువంటిదే. పన్నెండు వోల్టుల బల్బునకు రెండు తీగలు కట్టినదే ఆయన పనిముట్టు. ఒక కొసను బండి ఇనుమునకు ఆనించి, రెండవ కొసను ఫ్యూజునొద్ద తాకించెను, వెలిగెను. మమ్ము పెడలు నొక్కుమని, బ్రేకు స్విచ్చికి వచ్చు తీగను, దానినుండి పోవు తీగను తాకించెను, రెంటను వెలిగెను. కనుక స్విచ్చి మంచిదే. డిక్కీలో దీపమునొద్ద మాత్రము వెలుగలేదు.

చాప ఎత్తి చూడగా, ఆ తీగ ఇనుపరేకులోని రంధ్రమున దూరుచోట రబ్బరు వలయము ఊడిపోయి యున్నది. రేకు అంచు రాచుకొని తీగపై తొడుగు అరిగినది. గతుకు వచ్చినప్పుడెల్ల లోపలి రాగి ఇనుమును తాకగా, కరెంటు దీపముదాక పోక అడ్డదారిన బ్యాటరీకి మరలుచుండెను. రెండు 21 వాట్ల బల్బులకు కావలసినది 3.5 ఆంపియర్లు, మితి మించగనే 8 ఆంపియర్ల ఫ్యూజు తాను కాలి తీగను కాచుచుండెను. రాగి చుట్టిన పిదప కాలుటకు తీగయే మిగిలెను. తొడుగు బొగ్గై, లోపలి రాగి తెగియున్నది. పెట్రోలు ట్యాంకు అక్కడికి ఎంతో దూరము లేదు.

"అయ్యా, ఫ్యూజు కాలిందంటే అది దాని పని చేసినట్టు. మీరు దాని నోరు కట్టేస్తిరి" అని ఆయన రాగిచుట్టను విప్పి మా చేతిలో పెట్టెను. కట్టినది మేము కాదని చెప్పవలెననిపించినది గాని చెప్పలేదు. కొత్త తీగ, రబ్బరు వలయము, తగిన ఫ్యూజు వేసి, మరి రెండు ఫ్యూజులు కాగితమున చుట్టి ఇచ్చెను.

ఇంటికి వచ్చి జరిగినదంతయు అమ్మకు చెప్పితిమి. ఆమె ఏమియు అనలేదు. 2003లో ఆ బండిని అమ్మువరకు మాత్రము, ఎక్కడికి బయలుదేరినను ముందు వెనుకప్రక్క నిలిచి, "నొక్కు నాయనా" అని, రెండు దీపములును వెలుగుట చూచిన తరువాతనే ఎక్కుచుండెను.