సామానుగదిలో సరస్వతి

పాఠశాలలు పారవైచిన పాత కంప్యూటరులకు ప్రాణము పోయుచున్న ఒక విశ్రాంతోపాధ్యాయుని చూచి వ్రాయుమని సంపాదకులు కోరగా, హైదరాబాదున కోఠి గుజరాతీ గల్లీకి సమీపముననున్న ఆయన మేడగదికి పోయితిని. అచట యంత్రము లనేకము లున్నను, నా చూపు ఆయన వ్రేళ్లను విడిచి కదలలేదు.

బల్లపై నున్నది బి.బి.సి. మైక్రో. ఇంగ్లండునందలి కేంబ్రిడ్జిలో ఏకార్న్ సంస్థ 1981లో వెలువరించిన యంత్రమిది. 1984లో మన ప్రభుత్వము ‘క్లాస్’ అను పథకముచే బడులలో కంప్యూటరు విద్య నారంభించినపుడు బాలుర ముందు నిలిచినది ఈ జాతియే. ఆయన తొలుత పవర్ సప్లై విప్పి, పైపొర బీటలువారిన రెండు కెపాసిటర్లను చూపెను. ఏండ్లతరబడి ఆ పగుళ్లగుండ తేమ చొచ్చియుండుటచే, విద్యుత్తు సోకిన కొలదిసేపటికే అవి పేలి గదినిండ పొగ చిమ్మునట. వానిని మార్చి మీట నొక్కగా, క్షణకాలము కూసి ఆగవలసిన యంత్రము ఎడతెగక మ్రోగసాగెను. ప్రాసెసరు సరిగా నడచుట లేదనుటకు అది గుర్తు. ఆయన తొందరపడక, కాలిముల్లు తీయు తల్లివలె సాకెట్లలోని చిప్పులను మెల్లగా పైకెత్తి, నల్లబడిన కాళ్లు తుడిచి, మరల యథాస్థానమున నిలిపెను. ఈమారు తెరపై ‘బి.బి.సి. కంప్యూటర్ 32కె’ అను పంక్తి వెలిగినది.

క్రొత్త హంగులు చేర్చుటలో ఆయన నియమమొకటి: మూలఫలకముపై చేయి పెట్టరాదు, చేర్చినదేదైనను మరల ఊడదీయ వీలుండవలెను. అందుచే ఫ్లాపీకి మారుగా యూజర్ పోర్టున ఎస్.డి. కార్డును, ‘ట్యూబ్’ అను ద్వారమున రెండవ ప్రాసెసరుగా చిన్న రాస్ప్‌బెర్రీ పైని తగిలించెను. ఆ పైలోని ఆర్మ్ ప్రాసెసరు వంశమునకు ఆద్యము ఏకార్న్‌లో సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ రూపొందింపగా 1985లో చేతికందిన చిప్పే. దానిని తొలుత నడిపి చూచినదియు బి.బి.సి. మైక్రోకు తగిలించియే. నేడు మన చేతిఫోనులు దాదాపుగా అన్నియు ఆ వంశమునకు చెందినవే.

“మా బడికి వచ్చినవాటిని పాడవుతాయని బీరువాలో పెట్టి తాళం వేశారండీ. చివరికి తూకానికి అమ్మేశారు,” అని ఆయన పలికినపుడు ఆ కంఠముననున్న బాధ నన్నును తాకినది. నాలుగు మరలు విప్పిన మూత వచ్చు యంత్రమును పిల్లవానికి తెరువనీయకుండుట విద్యకు చేసిన ద్రోహము. జిగురుతో మూసిన నేటి పరికరములలో ఆ అవకాశమే లేదు. కన్నులారా చూచి, చేతులారా సరిచేసి నేర్చుకొను పాఠము ఈ పాతవానిలోనే మిగిలియున్నది. తాళపత్రములకు గ్రంథాలయములు కట్టిన జాతి, తన తొలి కంప్యూటరు పాఠములను తుక్కుకొట్టునకు విడుచుట న్యాయము కాదు.

ప్రధానోపాధ్యాయులారా, మీ సామానుగదిలో అట్టి యంత్రమున్నయెడల అమ్మకుడు, తొందరపడి మీటయు నొక్కకుడు. ఎరిగినవారిచే బాగుచేయించి, పిల్లల యెదుట మూత తెరిచి చూపుడు.