గ్రీనిచ్‌లో ఆకుపచ్చ గీత

పిల్లలూ! 30 ఏళ్ళపాటు నేను నల్లబల్లమీద భూగోళం బొమ్మ వేసి, దానిమీద నిలువు గీత ఒకటి గీసి, "ఇది గ్రీనిచ్ రేఖ, సున్నా డిగ్రీలు" అని పాఠం చెప్పాను. "ఆ గీత నిజంగా కనిపిస్తుందా, మాస్టారూ?" అని ఏటా ఎవరో ఒకరు అడిగేవారు. "కనిపించదు, అది ఊహారేఖ" అనేవాణ్ణి. 2018 డిసెంబరులో లండనులో మా అబ్బాయి యింటికి వెళ్ళినప్పుడు ఆ గీతను కళ్ళారా చూశాను!

గ్రీనిచ్‌లో ఒక గుట్టమీద, నక్షత్రాలను పరిశీలించిన పాత వేధశాల ఉన్నది. 1884లో వాషింగ్టనులో అనేక దేశాలవారు సమావేశమై, దాని మీదుగా పోయే రేఖనే సున్నా రేఖగా ఎంచుకున్నారు. మేము చేరేసరికి సాయంత్రం నాలుగు దాటింది. అక్కడ చలికాలంలో అప్పటికే చీకటి. భవనం పైనుంచి, మేస్త్రీ కట్టిన నూలుదారంలాగా, ఆకుపచ్చని వెలుగు ఒకటి థేమ్సు నది దాటి ఉత్తరంగా పోతున్నది. అది లేజరు కిరణం. 1999 నుంచి రాత్రిళ్ళు దానిని ఆ రేఖవెంట వదులుతూ వచ్చారట.

మామూలు దీపం వెలుగు నలుదిక్కులా పరుచుకుంటుంది. లేజరు వెలుగు దాదాపు చెదరకుండా ఒకే దిక్కుగా పోతుంది. మరి పక్కన నిలబడ్డ మనకు ఎలా కనిపించింది? పెంకుటింట్లో కప్పు సందునుంచి పడే ఎండ కడ్డీలాగా కనిపిస్తుంది కదా! గాలిలోని దుమ్ముకణాలు కొంత వెలుగును మనవైపు చిమ్ముతాయి. ఇదీ అంతే. పైగా మన కంటికి ఎరుపుకంటే ఆకుపచ్చ ఎక్కువ కాంతిగా తోస్తుంది.

"తాతయ్యా, ఇలాంటి గీత మనింట్లోనూ గీయవచ్చు" అన్నది మా మనవరాలు. మర్నాడు వాళ్ళ నాన్నను పక్కన కూర్చోబెట్టుకుని, చిటికెన వేలంత ఆకుపచ్చ లేజరు గొట్టాన్ని గుమ్మానికి ఒకవైపు బిగించింది. నిలబడ్డవారి కళ్ళకు తగలకుండా మోకాలి ఎత్తున పెట్టింది. ఎదురుగా, వెలుగును పసికట్టే చిన్న బిళ్ళ ఒకటి. దానిమీద కాంతి పడితే విద్యుత్తు సులువుగా ప్రవహిస్తుంది. కాంతి ఆగితే ప్రవాహం తగ్గుతుంది. ఆ తేడా తెలియగానే, దానికి కలిపిన ఎలక్ట్రానిక్ పలక గంట మోగిస్తుంది. గదిలో దీపాల వెలుగు పడకుండా బిళ్ళ చుట్టూ నల్లకాగితం గొట్టం తొడిగింది.

నేను గుమ్మం దాటాను. గంట గణగణ మోగింది! "తాతయ్య పశ్చిమార్ధగోళంలోకి వచ్చాడు!" అని మనవరాలు చప్పట్లు కొట్టింది. ఇలాంటి గీతలు ఏడు పెట్టి, ఒక్కోదానికి ఒక్కో స్వరం కడితే తీగలు లేని వీణే! ఫ్రాన్సు సంగీతకారుడు జాన్ మిషెల్ జార్ 1981లో చైనా కచేరీలలో అలాంటి లేజరు వాద్యాన్ని వాయించాడు.

అంతా బాగానే ఉన్నది గాని, గదిలో గీత కనిపించటం లేదు. "వెలుగు వస్తున్నదా, లేదా?" అంటూ నేను వంగి గొట్టంలోకి చూడబోయాను. మనవరాలు చటుక్కున బ్యాటరీ తీగ పీకేసింది. "కన్ను పోతుంది, తాతయ్యా!" అన్నది. దాని ముఖం తెల్లబోయింది.

భూతద్దం ఎండను చుక్కగా కూర్చి కాగితాన్ని కాల్చినట్టే, కంటిలోని కటకం లేజరు వెలుగును కంటి వెనకపొరమీద చుక్కగా కూరుస్తుంది. చాలా ఆకుపచ్చ లేజరులలో మొదట కంటికి కనిపించని పరారుణ కిరణం పుడుతుంది. స్ఫటికాలు దానిని ఆకుపచ్చగా మారుస్తాయి. నాసిరకం వాటిలో ఆ కనిపించని కిరణం కూడా బయటికి రావచ్చు. కనిపించని దానికి మన రెప్ప మూసుకోదు! అందుకే పెద్దలు పక్కన లేనిదే లేజరు ముట్టరాదు. మనుషులమీదికి, జంతువులమీదికి, వాహనాలమీదికి, విమానాలమీదికి తిప్పరాదు.

"వంగి చూడండి, దగ్గరగా చూడండి" అని 30 ఏళ్ళు పిల్లలకు చెప్పినవాణ్ణి. ఎదురుగా చూడరాని వెలుగు కూడా ఉన్నదని మనవరాలు నాకు నేర్పింది.