చేతి మీద అల్లిక లేని కోటు

మా మోరిస్‌విల్ చలి చూసి చికాగో చుట్టాలు నవ్వుతారు. అయినా ఇక్కడ మన ఇళ్లలో ఒక పొడవాటి ఉన్ని కోటు ఉంటుంది. దాని వెనక, నడుము కింద ఉండే చీలిక గుర్రమెక్కే రోజులనాటిది. జీను మీద కూర్చుంటే కోటు రెండు పక్కలకీ సర్దుకోవాలి కదా!

మా అబ్బాయి కాలేజీలో ఆర్‌ఓటీసీలో చేరి, మొన్న మేలో సెకండ్ లెఫ్టినెంట్ అయ్యాడు. "మనవాళ్లు ఎవరైనా పిల్లల్ని ఆర్మీకి పంపుతారా వదినా?" అని గుళ్లో అడిగితే ఏం చెప్పాలో తోచలేదు. వాడి యూనిఫాం ఇంటికొచ్చాక ఈ కోట్ల గురించి చదవడం మొదలుపెట్టాను.

1851 నిబంధనల ప్రకారం అమెరికా సైన్యాధికారి ఓవర్‌కోటు ముదురు నీలం. హోదా చేతుల మీది నల్ల పట్టు అల్లికల్లో తెలిసేది. కర్నల్‌కు ఐదు, లెఫ్టినెంట్ కర్నల్‌కు నాలుగు, మేజర్‌కు మూడు, కెప్టెన్‌కు రెండు, ఫస్ట్ లెఫ్టినెంట్‌కు ఒకటి. సెకండ్ లెఫ్టినెంట్‌కు ఒక్కటీ లేదు.

అంతర్యుద్ధంలో సిపాయిలవి లేత నీలం కోట్లు. వాళ్ల మధ్య ముదురు నీలం కోటు దూరం నుంచే కనబడుతుంది, తుపాకీ గురికి అదే చాలు. 1861 నవంబరులో, యుద్ధరంగంలో అధికారులు కూడా సిపాయిల లేత నీలం కోటు వేసుకోవచ్చని ఉత్తర్వు వచ్చింది. 1864 నవంబరులో భుజపట్టీలు కూడా తీసేయవచ్చన్నారు. ముచ్చటపడి కుట్టించుకున్న హోదాని ప్రాణం కోసం దాచుకోవలసి వచ్చింది.

ఆ యుద్ధం మా ఊరికీ వచ్చింది. 1865 ఏప్రిల్ 13 నుంచి 15 దాకా మోరిస్‌విల్ స్టేషన్ దగ్గర పోరాటం జరిగింది. బానిసత్వాన్ని నిలబెట్టడానికి పోరాడిన దక్షిణాది సైన్యం మిగిలిన సామాన్లనీ, గాయపడినవాళ్లనీ రైల్లో గ్రీన్స్‌బరో వైపు పంపాలని తంటాలు పడుతోంది. జనరల్ కిల్‌పాట్రిక్ ఫిరంగులు మిట్ట మీంచి పేలాయి. చాలా సామాను వదిలేశారు. గాయపడినవాళ్లున్న రైళ్లు మాత్రం బయటపడ్డాయి. ఏప్రిల్ 26న, పక్కనే డర్హమ్‌లోని బెనెట్ గారి ఇంట్లో జనరల్ జాన్‌స్టన్ లొంగిపోయాడు.

ఏ పక్షంవాళ్లయినా, వాళ్ల తల్లులు ఎదురుచూసింది కోటు కోసం కాదు, అందులోని మనిషి కోసం.

శిక్షణ అయ్యాక మావాడి మొదటి పోస్టింగ్ అలాస్కాలో. "ఆర్మీవాళ్లే అన్నీ ఇస్తారమ్మా" అన్నాడు. అయినా నాలుగు జతల ఉన్ని సాక్సులు కొని పెట్టాను. గుళ్లో ఆ ప్రశ్న ఇప్పటికీ అడుగుతారు. నేను పంపలేదు, వాడే వెళ్తున్నాడు, నేను ఆపలేదు అని చెప్తున్నాను.