శంకరము కొండక్రింద నేను గీసిన పటము

పటమన్నతోడనే మనకు గోడనున్న లక్ష్మీదేవి స్ఫురించును. నేలను కాగితముపైకి దింపు పటము వేఱొకటి గలదని చిన్ననాడు చదువుకొన్నను, దానిని ఇల్లాలు తన యడుగులతో కొలిచి గీయవచ్చునని గడచిన మార్గశిరము వఱకు నేనెఱుగను.

మావారు అనకాపల్లి ప్రాంతమున నొక పాఠశాలలో ఉపాధ్యాయులు. బాలికలకు ఓరియెంటీరింగు అను క్రీడ నేర్పవలెనని వారికి పుట్టినది. పటమును దిక్సూచిని చేతబట్టి, పటముపై సున్నలుచుట్టి చూపిన తావులను వరుసగా వెదకికొనుచు, తక్కువ కాలమున గమ్యము చేరినవారు ఇందు గెలుతురు. స్వీడను దేశమున 1919లో ఎర్నెస్టు కిల్లాండరు అను సైనికాధికారి స్టాకుహోము చెంత నడపిన పోటీతో ఇది జనులలో వ్యాపించెను. 1961లో దీనికొక అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడెను. ఇందు కాళ్ళ వేగముకన్న త్రోవ నెన్నుకొను బుద్ధి ముఖ్యము. ఆడుపిల్లలకు ఒంటరిగా దారి కనుగొను ధైర్య మిచ్చు ఆట యని నాకును నచ్చినది.

“అంతయు బాగున్నది గాని, పటమెక్కడిదండీ?” అని యడిగితిని.

“నీవు గీయరాదా? ముగ్గులో చుక్క తప్పనిదానవు!” అనిరి. పరిహాసమే కావచ్చును. నేను పట్టుకొంటిని.

మేమెన్నుకొన్నది శంకరము గ్రామము చెంతనున్న రెండు కొండల దిగువ. తూర్పున బొజ్జన్నకొండ, పడమట లింగాలకొండ. బౌద్ధులు పూర్వము రాతిని తొలిచి గుహలను, స్తూపములను నిర్మించిన స్థలమిది. 20వ శతాబ్ది తొలి దశకమున అలెగ్జాండరు రీ అను పండితుడు ఇచ్చట త్రవ్వకములు జరిపించెను. లింగాలకొండపై వరుసలు దీరిన రాతిస్తూపములు చూచువారికి లింగములవలె తోచుటచే ఆ పేరు వచ్చినది. ఇట్టి ప్రాచీన కట్టడములమీద పిల్లలు పరుగులిడరాదు గదా! అందుచే ఆ భాగములపై ఊదారంగు గీతలు గీసి, ‘ఇచ్చట పోరాదు’ అని సూచించితిని. ఆ గీతలు ఈ క్రీడాపటములలో నిషేధమునకు గుఱుతు. పైరున్న చేలకును అదియే చేసితిని. ఆట తావులన్నియు దిగువ బీడులలోను, తోపులలోను, ఆసాముల యనుమతితో పెట్టదలచితిమి.

మొదట ఆధారమొకటి కావలెను. 2004లో ఇంగ్లండున మొదలై, లోకులెల్లరు తలయొకచేయి వేసి గీయుచున్న ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ అను పటమొకటి గలదు. మూలమును పేర్కొన్నచో దానిని ఎవరైనను ఉచితముగా వాడుకొనవచ్చును. దానినుండి బాటలు, కొండల యంచులు తీసికొని, నేలమీది 40 మీటర్లు కాగితముపై ఒక సెంటీమీటరగునట్లు అచ్చు తీయించితిని. మిగిలినదంతయు నడచి నింపవలసినదే.

నడకను కొలత చేయుట మొదటి పాఠము. నూరు మీటర్ల త్రాటిని బాటవెంట పఱచి, కుడికాలు నేల మోపినప్పుడెల్ల ఒకటని లెక్కించుచు నాలుగుమార్లు నడచితిని. నాకు 68 వచ్చినది, ఎగువకు 77. మావారికి 60. కావున ఒకరి లెక్క మఱియొకరికి పనికిరాదు. ఈ విద్యలో నాకు గురువు కుమావూను సీమకు చెందిన నయినుసింగు. 1865-66లో ఆయన యాత్రికుని వేషమున లాసా నగరమునకేగి, అడుగులు లెక్కించుచు దారి యంతయు కొలిచెను. ఆయన జపమాలలో 108 పూసలకు మాఱుగా 100 మాత్రమే యుండెనట; నూరడుగుల కొక పూస! నేనును మా అత్తగారి పాత తులసిమాల నడిగితిని. ఆమె నావంక నొకమారు చూచి, జపమునకు వాడనిదానిని తీసి యిచ్చిరి.

కొండ యెత్తును చూపు గోధుమరంగు వలయములు నాకు కొఱుకుడు పడలేదు. తుదకు వంటయింటిలో తెలిసినది. ఒక కందగడ్డను కోసి వెడల్పు గిన్నెలో బోర్లించి, నీరు వ్రేలెడు ఎత్తున పోసి, నీటియంచు గడ్డను తాకినచోట బొగ్గుతో గీచితిని. మఱల వ్రేలెడు, మఱల గీత. పైనుండి చూడగా అవే వలయములు! నిట్టనిలువు వైపున గీతలు దగ్గఱగాను, వాలు వైపున ఎడముగాను ఉన్నవి. ఆ పూట కంద పులుసు కొంచెము నల్లబడినది గాని పాఠము మఱువలేదు.

మొదటి మూడు దినముల పని వ్యర్థమైనది. దిక్సూచి నెంత జాగ్రత్తగా చూచినను, ఒకే చెట్టు ఒకమారు ఒకచోట, మఱియొకమారు వేఱొకచోట పడుచుండెను. కారణము నా మొలనున్న ఇనుప తాళములగుత్తి! సూది దానివైపు మొగ్గుచుండెను. చేతిసంచిలోని ఫోను కూడ అట్టి కీడే చేయును. నాటినుండి తాళములు అత్తగారికి అప్పగించి వెళ్ళితిని. దిక్సూచి చూపు ఉత్తరమునకు, అసలు ఉత్తరమునకు మన ప్రాంతమున భేదము ఇంచుమించు ఒక డిగ్రీయే గాన చింత లేదు. ఈ క్రీడాపటములు సూది చూపు ఉత్తరమునే అనుసరించి గీయబడును.

ఇక చెప్పుటకు సిగ్గగు సంగతి. పడమటి బీడులో ఒక మూల నేను నడువలేదు. ఎండ యెక్కినది, కాళ్ళు పీకుచున్నవి. ఆకాశమునుండి తీసిన ఛాయాచిత్రములో అది చదునైన గడ్డినేలవలె నుండుటచే ఇంటివద్దనే కూర్చుండి పసుపురంగు నింపితిని. పసుపనగా ఏ యడ్డును లేని బయలు, పరుగిడవచ్చునని యర్థము.

బాలికలను తీసికొనిపోవుటకు ముందు పటమును పరీక్షింపవలెనని, పదునొకండేండ్ల మా అమ్మాయి చేతికిచ్చి నేను వెనుక దూరముగా నడచుచుంటిని. అది దిక్సూచి చూచి, పసుపురంగును నమ్మి, నడుమెత్తు గడ్డిలోనికి నేరుగా పరుగెత్తినది. అంతలో గడ్డి కోయుచున్న యొక వృద్ధురాలు కొడవలి పాఱవైచి, “ఆగు పాపా, ఆగు! నేలబావి!” అని అఱచినది. పిల్ల ఆగినది. దాని ముందఱ నాలుగైదడుగులలో వరలేని పాడుబావి. గడ్డి నోటివఱకు క్రమ్మి యున్నది.

నా కాళ్ళు వణకి కూర్చుండిపోతిని. అవ్వ నా చేతిలోని మఱియొక ప్రతిని చూచి, “ఇందల బావి రాయనేదా అమ్మా?” అన్నది. లేదంటిని. “మరెందుకమ్మా ఇది?” అన్నది. నావద్ద జవాబు లేదు.

ఆ సాయంకాలము పటమునంతయు మఱల చూచి, నా యడుగు పడని తావులన్నిటిని చెఱిపివేసితిని. అందును చిక్కు కలదు. ఈ పటములలో ఖాళీ తెలుపునకు పరుగిడదగిన అడవి యని యర్థము. ఊరక విడిచినచో అదియు నబద్ధమే. కావున అచ్చట ఊదాగీతలు నింపి ‘చూడలేదు’ అని వ్రాసితిని. బావికి నీలపు చుట్టు చుట్టి, దాని నలుగడల నిషేధపు గీతలు వేసితిని. మఱునాడు అవ్వను వెంటబెట్టుకొని తిరుగగా ఇంకొక పాడుబావియు, ఛాయాచిత్రములో చెట్లక్రింద దాగిన రెండు కాలిబాటలును దొరికినవి. మావారు బీడు గల ఆసామితో మాటలాడి ఆ బావిచుట్టు ముండ్లకంచె వేయించిరి.

పుష్యమాసపు ఆదివారమున 14 మంది బాలికలు ఇద్దఱిద్దఱుగా బయలుదేఱి 8 తావులను వెదకిరి. రెండు బావులకడను మేమొక్కొక్కరము కావలియుంటిమి. అందఱును మరలివచ్చిరి. కడపటి జంటకు గంటం బావు పట్టినది. వారు అలసటతో కూర్చుండక, “అమ్మగారూ, మామిడితోపు వెనుక తెలుపు వేసినారు, అక్కడన్నియు ముండ్లపొదలే” అని గీచుకొనిపోయిన మోచేతులు చూపిరి. ఆ తెలుపును వారిచేతనే ఆకుపచ్చగా మార్పించితిని.

అవ్వ తన పాక పటములో ఏదని యడిగినది. మిల్లీమీటరు పాటి నల్లని చుక్క చూపితిని. “ఇంతేనా!” అని నవ్వి, వాకిట నున్న చింతచెట్టునైనను సరిగా వేయమన్నది. చెట్టు వేసితిని. లింగాలకొండ వెనుకభాగము ఇంకను ‘చూడలేదు’ గానే యున్నది. మాఘమున, ఎండలు ముదురక మునుపే, అవ్వతో కలసి అటు పోదలచితిని.