గండి, బిలం, బట్టమేక

మాటకు అర్థం నిఘంటువులో దొరుకుతుందని తరగతిలో చెప్పేవాళ్ళం. అది సగం సత్యమే. నిఘంటువు ఒక మాటకు మరొక మాటను చూపగలదు కాని వస్తువును చూపలేదు. వస్తువును చూపవలసినది లోకం. లోకంలో వస్తువు కనుమరుగైతే దాని పేరు ఎంత చక్కనిదైనా పొడుపుకథగా మిగిలిపోతుంది. గత దసరా సెలవులలో కుటుంబసమేతంగా చేసిన మూడురోజుల కారు ప్రయాణం నాకు ఈ సంగతిని కళ్ళకు కట్టించింది.

మా మనవరాలు బెంగుళూరులో ఐదవ తరగతి చదువుతున్నది. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది, కూడబలుక్కొని చదువుతుంది. కొండలు, గుహలు, అడవి జంతువులు చూడాలని దాని ముచ్చట. మా అబ్బాయి కారు నడుపగా కోడలు, నా శ్రీమతి, మనవరాలు, నేను అనంతపురంనుండి బయలుదేరాము. తాడిపత్రి, జమ్మలమడుగుల మీదుగా గండికోట, అక్కడినుండి బెలుం గుహలు, ఆపైన బనగానపల్లె, నంద్యాల దాటి రోళ్ళపాడు, తిరిగి కర్నూలు మీదుగా ఇల్లు. దారిలో వినబడే కొత్త తెలుగు మాటలన్నీ వ్రాసుకుంటానని పిల్ల ఒక చిన్న నోటుపుస్తకం వెంట తెచ్చుకున్నది.

"గండి అంటే ఏమి తాతా?" అన్నది జమ్మలమడుగు దాటగానే. చెరువుకట్ట తెగితే గండి పడిందంటారని చెప్పాను. చెరువుకట్ట తెగడం అది చూచినది కాదు, కనుక ఊరికే తల ఊపింది. కోటలో మాధవరాయస్వామి గుడి, జామా మసీదు, ధాన్యాగారం చూచుకొని లోయ అంచుకు చేరాము. సుమారు 300 అడుగుల లోతున పెన్నానది. ఇరువైపులా పుస్తకాలు దొంతరగా పేర్చినట్లు ఎఱ్ఱని రాతిపొరలు. ప్రవాహంలో కొట్టుకొచ్చే ఇసుక, గులకరాళ్ళు ఆకురాయిలాగా యుగాల తరబడి ఎఱ్ఱమల కొండలను అరగదీస్తే ఏర్పడిన దారి అది. పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "నీళ్ళు తెంచుకొని పోయిన చోటు, అదేకదా గండి!" అన్నది. నేను వివరించవలసినదేమీ మిగలలేదు. ఎఱ్ఱమల అన్న పేరు కూడా ఆ సాయంకాలపు ఎండలో దానంతటదే బోధపడింది.

మరునాడు బెలుం. 'బిలం' అన్న సంస్కృతశబ్దమే ఆ ఊరి పేరులో నిలిచి ఉన్నదని చెబుతారు. పైన చూస్తే చదునైన పొలాలు, క్రింద 3,229 మీటర్ల పొడవున కొలిచిన గుహలు. వాటిలో సుమారు ఒకటిన్నర కిలోమీటరు మేర సందర్శకులను అనుమతిస్తారు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటిని గురించి వ్రాశాడు. తరువాత దాదాపు ఒక శతాబ్దం గడిచాక, 1982-84 ప్రాంతంలో డేనియల్ గెబావర్ నాయకత్వాన జర్మనీ బృందం లోపలికి దిగి కొలతలు తీసింది. 2002లో పర్యాటకులకోసం తెరిచారు. వాననీరు నేలలోని వాయువును కలుపుకొని స్వల్పంగా ఆమ్లగుణం పొంది, సున్నపురాతిని మెల్లమెల్లగా కరిగించగా ఈ సొరంగాలు ఏర్పడ్డాయి. పైకప్పునుండి వ్రేలాడే రాతిని చూచి ఒకచోట మఱ్ఱిచెట్టు అన్నారు, మరొకచోట వేయిపడగలు అన్నారు. ఈ రెండవ పేరు చదువగానే నాకు విశ్వనాథవారు స్ఫురించారని వేరే చెప్పనక్కరలేదు. ఉపరితలానికి 46 మీటర్ల లోతున పాతాళగంగ వద్ద ఉక్కకు అందరమూ చెమటలో తడిసిపోయాము. "బిలం అంటే చల్లగా ఉంటుందనుకున్నాను, వేడిగా ఉంది" అని పిల్ల వ్రాసుకున్నది. ఇది ఏ నిఘంటువులోనూ లేని అర్థం!

మూడవనాడు రోళ్ళపాడు. ఈ ప్రయాణంలో నేను స్వయంగా కోరుకున్న చోటు ఇదొక్కటే. 1985 ప్రాంతంలో నందికొట్కూరు సమీపాన ఒక పల్లెలో పనిచేసేవాడిని. ఒకనాటి ఉదయం పొలాలగట్టున నడిచి బడికి పోతుండగా వెంట వస్తున్న పిల్లవాడు నా చేయిపట్టి ఆపి, "అయ్యవారూ, బట్టమేక!" అన్నాడు. మేకకోసం వెదికిన నా కళ్ళకు కొఱ్ఱచేనులో తలయెత్తి నడుస్తున్న పక్షి కనబడింది. దాదాపు మీటరు ఎత్తు. తెల్లని మెడ, తలపై నల్లని టోపీ, రాచఠీవి కలిగిన నడక. చూస్తుండగానే భారంగా రెక్కలు విప్పి లేచిపోయింది. ఆనాడు ఆ పిల్లవాడు గురువు, నేను శిష్యుణ్ణి. వేలు చూపి నేర్పిన మాటను నేటివరకు మరువలేదు.

ఆ పక్షికోసమే 1988లో ఆరు చదరపు కిలోమీటర్లకు కొద్దిగా మించిన పచ్చికబయలును అభయారణ్యంగా ప్రకటించారు. మేము వెళ్ళేసరికి గడ్డి పండి బంగారువన్నెలో ఉన్నది. కృష్ణజింకలు గుంపులుగా కనిపించాయి. వాటిలో నల్లని మగజింక మెలితిరిగిన కొమ్ములతో ఎగిరి దూకుతుంటే పిల్ల కేరింతలు కొట్టింది. తీగమీద పాలపిట్ట వాలితే నా శ్రీమతి చేతులు జోడించింది. దసరాకు పాలపిట్ట దర్శనం శుభమని మన నమ్మిక కదా! కాని అక్కడ ఉన్న కాపలాదారును బట్టమేక సంగతి అడిగితే, "అది కనిపించి చాలా ఏండ్లయింది సార్" అన్నాడు.

ఎందువలన పోయింది? బట్టమేక సాధారణంగా ఏడాదికి ఒకే గ్రుడ్డు పెడుతుంది, అదీ గూడు లేకుండా కటికనేలమీద. కుక్కలకు, నక్కలకు, నాగలికి అది సులభంగా చిక్కుతుంది. జొన్న, కొఱ్ఱ, వేరుశనగ పండే మెట్టచేలలో పురుగులు ఏరుకొని బ్రతికిన పక్షికి, నీటివసతి వచ్చి మందులు చల్లే వాణిజ్యపు పైరులు వచ్చాక చోటు లేకపోయింది. రైతును నిందించడం నా ఉద్దేశం కాదు. నీరు వస్తే ఎండిన నేల రైతు సంతోషించడం న్యాయమే. అభయారణ్యంలో పెరిగిన జింకలు చేలలో పడి మేస్తే నష్టపోయేదీ అతడే. ఇక దేశమంతటా ఈ పక్షికి పెద్ద మృత్యువు విద్యుత్తీగలు. కళ్ళు తలకు ప్రక్కలనున్నందున ఎదుటి తీగను సరిగా గుర్తించలేదు, గుర్తించినా బరువైన దేహంతో చప్పున తప్పుకోలేదు. పాలపిట్టకు పీఠమైన తీగయే బట్టమేకకు ఉరి అవుతున్నది.

తిరుగుప్రయాణంలో పిల్ల అడిగింది: "తాతా, బట్ట అంటే గుడ్డ, మేక అంటే మేక. మరి పిట్టకు ఆ పేరేమి?" పదాన్ని విడదీసి వ్యుత్పత్తి చెప్పడం నా వృత్తి. ఐనా ఆ ప్రశ్నకు వ్యుత్పత్తి సమాధానం కాదనిపించింది. ఆ పేరు పెట్టినవాడు వ్యాకరణవేత్త కాడు, ఏ గొఱ్ఱెలకాపరియో. వానికి పిట్ట ఎదుటనే ఉన్నది, పేరు చాలింది. గండిని చూపగలిగాను, బిలాన్ని చూపగలిగాను. నాకొక బడిపిల్లవాడు చూపిన దానిని మాత్రం నా మనవరాలికి చూపలేకపోయాను. సెల్‌ఫోనులో బొమ్మ చూపించాడు మా అబ్బాయి. అది చూచి "బాగుంది" అన్నది. కృష్ణజింకను చూచి వేసిన కేక ఆ మాటలో లేదు.

ఆశ పూర్తిగా అడుగంటలేదు. రాజస్థాన్‌లోని జైసల్మేరు ప్రాంతంలో 2019నుండి గ్రుడ్లను సేకరించి, పొదిగించి, పిల్లలను పెంచుతున్నారు. 2024లో కృత్రిమ గర్భధారణ ద్వారా కూడా ఒక పిల్ల పుట్టింది. అవి పెరిగి సంతతి వృద్ధి చెంది ఎన్నటికైనా మన పచ్చికబయళ్ళకు రావాలంటే, అప్పటికి ఇక్కడ పచ్చిక మిగిలి ఉండాలి. ఖాళీగా ఉన్న గడ్డినేలను బంజరు అని వ్రాసిపెట్టే మన అలవాటు ముందుగా మారాలి. బట్టమేకకు అది బంజరు కాదు, పుట్టిల్లు.

చదువరులకొక విన్నపం. మీ ఊరి కాపరులు, సేద్యగాండ్రు పిట్టలకు, గడ్డిజాతులకు వాడే పేర్లను అడిగి వ్రాసిపెట్టండి. వీలైతే ఆ పిట్టను, ఆ గడ్డిని కూడా చూచి రండి, పిల్లలను వెంటబెట్టుకొని మరీ వెళ్ళండి. బట్టమేకను కళ్ళారా చూచినవారు మీలో ఎవరైనా ఉంటే ఎక్కడ, ఎప్పుడు చూచారో, మీ వైపు దానిని ఏమని పిలుస్తారో తెలియజేయగలరు. మా మనవరాలి పుస్తకంలో ఆ మాటకు ఎదురుగా ఇంకా చోటున్నది.